టెక్ సందేహాలు: తెర మీది నౌకను కాగితంలోకి దించేదెలా?

ప్రశ్న: బ్లెండర్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష నౌక ఒకటి డిజైన్ చేశాను. కాగితంతో చేద్దామని, 3డీ మోడల్‌ను కత్తిరించే ముక్కలుగా పరిచే పెపకూరా సాఫ్ట్‌వేర్‌లో విప్పితే వందల కొద్దీ చిన్న త్రిభుజాలు వచ్చాయి. కొన్ని అతికించి చూశాను, గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు విప్పింది తెర మీద చూడటానికి చేసిన మోడల్. కాగితం కోసం దాన్ని మళ్లీ కట్టుకోవాలి. శ్రమే, కానీ నౌక అందమంతా ఇక్కడే తేలుతుంది.

కాగితం ఒక చోట ఒక వైపుకే వంగుతుంది. పెట్టె, గొట్టం, శంకువు చక్కగా విప్పుకుంటాయి. గోళం విప్పుకోదు, తొనలు తొనలుగా కోయాల్సిందే. కాబట్టి గుండ్రటి ముక్కును నాలుగైదు శంకువు పట్టీలుగా మార్చండి. బ్లెండర్‌లోని డెసిమేట్ మాడిఫయర్ అనే పనిముట్టు ముఖాలను (మోడల్ మీది చదును పలకలను) తగ్గిస్తుంది గానీ త్రిభుజాలను తోచినట్టు పేరుస్తుంది. ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ పొంతన పోతుంది. దాని మీద ఆధారపడకండి. కోత ఎక్కడ పడాలో, బ్లెండర్‌లో కోత గీతలు గుర్తుపెట్టే మార్క్ సీమ్‌తో మీరే గీయండి. నౌక అడుగున గానీ, ప్యానెల్ గీత వెంబడి గానీ పడితే అతుకు కనిపించదు.

మరి సూక్ష్మ వివరాలు? కిటికీలు, ప్యానెల్ గీతలు, కాలిన మరకలు టెక్స్చర్‌గా, అంటే మోడల్ పైన పరిచే బొమ్మగా ముద్రించండి. నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి ఇంకోటుంది. అదే పేజీని రెండోసారి ప్రింట్ తీసి, కొన్ని ప్యానెళ్లను మాత్రం కత్తిరించి మొదటివాటి మీద అతికించండి. ఆ కాస్త ఎత్తుకే నిజమైన నీడ పడుతుంది. ముద్రించిన నీడ ఎప్పుడూ దానికి సాటి రాదు.

ఇక గొట్టాలు. సాఫ్ట్‌వేర్‌కు కాగితం మందం తెలియదు. మీ అట్ట పావు మి.మీ. మందం ఉంటే, లోపలి గొట్టం వ్యాసం అర మి.మీ. తగ్గాలి. అంటే చుట్టుకొలతలో ఒకటిన్నర మి.మీ. పైగా కోత. ప్రింట్ సెట్టింగ్ కూడా చూడండి. అన్ని పేజీలూ ఒకే నిష్పత్తిలో కుదించుకుపోతే నౌక కాస్త చిన్నదవుతుంది, అంతే. ఒక పేజీ ‘ఫిట్ టు పేజ్’లో, ఇంకోటి ‘యాక్చువల్ సైజ్’లో వస్తే మాత్రం ముక్కలు కలవవు. ప్రతి పేజీ మూలన 50 మి.మీ. గీత పెట్టుకుని స్కేలుతో కొలవండి.

ప్రశ్న: ఇంక్‌జెట్ మేలా, లేజర్ మేలా?

జవాబు: లేజర్ టోనర్ మడత దగ్గర పగిలి తెల్ల గీత పడుతుంది. ఇంక్‌జెట్ రంగు తడి జిగురుకు కరుగుతుంది. ముదురు రంగు నౌకకు నేనైతే ఇంక్‌జెట్‌తో తీసి, కోయకముందే పైన పారదర్శక యాక్రిలిక్ స్ప్రే పల్చగా కొట్టి ఆరనిస్తాను. కోశాక తెల్లగా కనిపించే అంచులకు అదే రంగు స్కెచ్ పెన్‌తో పూత వేయండి, అతికించే ముందే.