"నూటికి ఎంతరా?" అని నాన్న అడిగేదాకా నాకు లెక్క తెలియలేదు

"నా జీతం 45 వేలు. ఆఫీసులో అందరి దగ్గరా ఐఫోన్ ఉంది. నేనూ ఈఎంఐలో తీసుకుంటే తప్పేంటి? స్టేటస్ కోసం అప్పు చేయడం అంత చెడ్డ పనా?" అని మీరు అడిగారు. ఫోన్ సంగతికి తర్వాత వస్తాను. ముందు మా పాప మొదటి పుట్టినరోజు గురించి చెప్పాలి.

2019లో మేం మియాపూర్‌లో అద్దెకు ఉండేవాళ్లం. అంతకుముందే మా తోడల్లుడు వాళ్ల బాబు పుట్టినరోజు ఏసీ హాల్లో చేశాడు. మేం ఇంట్లో కేకు కోయిస్తే అత్తగారి వైపువాళ్లు ఏమనుకుంటారో అని నాకు టెన్షన్. నిజానికి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. హాలు, రెండు వందల మందికి భోజనాలు, డెకరేషన్, రిటర్న్ గిఫ్టులు కలిపి మూడున్నర లక్షలయ్యాయి. దాచుకున్నది పోగా లక్షా 80 వేలు క్రెడిట్ కార్డు గీకాను.

బిల్లులో మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, 9 వేలు అని వచ్చింది. నెలనెలా అదే కడుతూ అప్పు తీరుతోందనుకున్నాను. ఆ కార్డు మళ్లీ వాడకపోయినా ఆరు నెలల తర్వాత ఇంకా దాదాపు లక్షా 70 వేలు ఉంది. కట్టిన 9 వేలల్లో ఏడు వేలకు పైగా వడ్డీకి, దాని మీద జీఎస్టీకే పోతోంది. వాడి ఉంటే ఇంకా ఘోరం. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు నాన్నకు చెప్పేశాను. ఆయన అడిగింది ఒకటే, "నూటికి ఎంతరా?" అని. నెలకు మూడున్నర, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నాలుగు రూపాయల వడ్డీ దాటింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మా ఊళ్లో రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటారు. రెండు రూపాయలకు తెచ్చుకుంటే పాపం, ఏదో అవసరం పడిందంటారు. నాలుగు రూపాయలకు నోటు రాసినవాడి గురించి అరుగుల మీద గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. అలాంటి అప్పును నేను పర్సులో పెట్టుకుని, హోటల్లో నలుగురి ముందూ గర్వంగా తీసేవాణ్ణి. లిమిట్ పెంచామని మెసేజ్ వస్తే ఆఫీసులో చూపించుకున్నాను. మీరడిగిన దాంట్లో నాకు భయం కలిగించేది ఇదే.

చివరికి మా ఆవిడ తన గాజులు తీసి ఇచ్చింది. బ్యాంకులో ఏడాదికి పది శాతం లోపు వడ్డీకి గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ ఒకేసారి కట్టేశాం. గాజులు విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో ఏ పెళ్లికి వెళ్లినా, గాజులేవని ఎవరైనా అడిగితే లాకర్లో ఉన్నాయని చెప్పేది. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక మీ ఫోన్. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు అన్నారని తొందరపడకండి. జీరో శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు రాసింది. వడ్డీని డిస్కౌంట్‌గా చూపించినా, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మామూలుగా మనమే కట్టాలి. ఒకేసారి డబ్బు కడితే ఎంతకిస్తారో ముందు అడగండి. ఆ మొత్తం కూడబెట్టగలిగితేనే కొనండి.

మా బాబు మొదటి పుట్టినరోజు ఇంట్లోనే చేశాం. పులిహోర, పాయసం, ముప్పై మంది. "హాల్లో పెట్టలేదేంరా?" అని మా పెదనాన్న అందరి ముందూ అడిగాడు. "పాప ఫంక్షన్‌కి చేసిన అప్పు మొన్ననే తీరింది పెదనాన్నా, మళ్లీ చేయదలచుకోలేదు" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం నన్ను లిఫ్టు దగ్గరకు పిలిచి, "మావాడికీ రెండు కార్డుల మీద బాకీ ఉందిరా, ఆ గోల్డ్ లోన్ ఏ బ్యాంకులో తీసుకున్నావు?" అని మెల్లగా అడిగాడు.