కాఫీలో బ్లీచింగ్ వాసనకి ఆర్వో పెట్టించాలా?

మద్దిలపాలెం ఫ్లాట్‌లో కుళాయి నీళ్లతో డికాషన్ తీస్తుంటే బ్లీచింగ్ వాసన వస్తోంది, ఆర్వో పెట్టించాలా అని అడిగారు. ఈ ఒక్క వాసన కోసమైతే అక్కర్లేదు. పైగా ఆర్వో నీళ్లలో లవణాలు మరీ తగ్గిపోయి డికాషన్ చప్పగా దిగుతుంది.

ముందు రెండు గ్లాసులు పట్టండి. ఒకటి మున్సిపల్ లైన్ నుంచి నేరుగా, ఇంకోటి వంటింటి కుళాయిలో. అరచేత్తో మూసి, కుదిపి వాసన చూడండి. రెండోదే ఘాటుగా ఉంటే మీ సంపులో బ్లీచింగ్ పౌడర్ ఎక్కువ పడిందన్నమాట, వాచ్‌మన్‌ని అడగండి. రెండూ ఒకేలా ఉంటే మామూలు క్లోరిన్. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణమే చెబుతోంది, కంగారు పడక్కర్లేదు.

దాన్ని వదిలించడం తేలికే. వెడల్పు తపేలాలో, మూత లేకుండా, తెర్లడం మొదలయ్యాక ఐదు నిమిషాలు మరగనివ్వండి. కొంత ఆవిరైపోతుంది కాబట్టి పావు వంతు ఎక్కువే పోసుకోండి. ఎలక్ట్రిక్ కెటిల్ దీనికి పనికిరాదు: మూత బిగించి ఉంటుంది, మరుగు రాగానే ఆగిపోతుంది. రాత్రే పట్టి ఉంచుతానంటే బిందె వద్దు, సన్నమూతికి గాలి తగలదు. తపేలా మీద పల్చటి గుడ్డ కట్టి పెట్టి, పొద్దున్నే వాడేయండి. క్లోరిన్ పోయిన నీళ్లు రోజులతరబడి నిలవుంచితే క్రిములు చేరతాయి.

అసలు చిక్కు వేరే. మరిగించాక కూడా డెట్టాల్ లాంటి మందు వాసన మిగిలితే అది క్లోరోఫినాల్. బిందెలు నింపడానికి కుళాయికి తొడిగిన రబ్బరు పైపునో, పాత వాషర్‌నో అనుమానించండి. రబ్బరులోంచి దిగే ఫినాల్స్ అనే రసాయనాలతో క్లోరిన్ కలిస్తే పుట్టేది ఇదే. అణువంత ఉన్నా నాలుకకి తెలిసిపోతుంది, ఎంత మరిగించినా సరిగా పోదు. పైపు పీకేసి, వాషర్ మార్చి, పొద్దున్నే మొదటి రెండు నిమిషాల నీళ్లు బట్టలకి పట్టుకోండి.

అప్పటికీ వదలకపోతే యాక్టివేటెడ్ కార్బన్ కార్ట్రిడ్జ్ (బొగ్గు ఫిల్టర్) బిగించండి, రెండు వాసనలనీ పడుతుంది. కొత్తది పెట్టినప్పుడు నల్లపొడి ఆగేదాకా నీళ్లు పారబోయాలి. ధార సన్నగా ఉంచండి, జోరుగా వదిలితే కార్బన్‌కి పట్టే వ్యవధి ఉండదు. వాసన మళ్లీ మొదలైతే కార్ట్రిడ్జ్ అయిపోయినట్టే, కడిగితే లాభం లేదు.

తేడా చూడాలంటే పాలు కలపని డికాషన్ ఒక చెంచా తాగి చూడండి. చికోరీ పొడిలో వాసన కొంత దాగుతుంది గానీ, చికోరీ లేని అరకు పొడిలో ఇట్టే దొరికిపోతుంది.