థెరపిస్టు పరిచయంలో ‘ట్రామాపై ఆసక్తి’ అని ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 34. చిన్నప్పుడు ఇంట్లో ఏళ్ల తరబడి హింస అనుభవించాను. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా అరిస్తే ఒళ్లు వణుకుతుంది, నిద్ర పట్టదు. గతంలో ఒక కౌన్సెలర్ మొదటి రోజే జరిగిందంతా చెప్పమన్నారు. ఆ తర్వాత పీడకలలు ఎక్కువై వెళ్లడం మానేశాను. ఇప్పుడు కలవాలనుకుంటున్న సైకోథెరపిస్టు తన పరిచయంలో ‘ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ థెరపీపై ప్రత్యేక ఆసక్తి’ అని రాసుకున్నారు. నమ్మి వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు

సలహా: వెళ్లి కలవడానికి ఆ మాట చాలు, చికిత్స మొదలుపెట్టడానికి చాలదు. ఆసక్తి ఎవరికైనా ఉండవచ్చు. మీకు కావలసింది శిక్షణ, అనుభవం.

ట్రామా అంటే మనసుకు తగిలిన లోతైన గాయం. ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్, అంటే ఆ గాయాన్ని దృష్టిలో ఉంచుకోవడం అన్నది, నిజానికి ఒక చికిత్స కాదు, చికిత్స చేసేవారు నడుచుకోవలసిన తీరు. అమెరికాలో 2001లో మాక్సిన్ హారిస్, రోజర్ ఫాలట్ అనే మనస్తత్వవేత్తలు ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చినప్పుడు, సాయం కోరి వచ్చిన వ్యక్తికి భద్రత, నమ్మకం, ఎంపిక చేసుకునే స్వేచ్ఛ ఉండాలని, సాయం చేసే క్రమంలోనే పాత గాయాన్ని మళ్లీ రేపకూడదని చెప్పారు. మీ మొదటి అనుభవంలో లోపించినది ఇదే. అడగగానే అంతా చెప్పలేకపోవడం, చెప్పాక పీడకలలు పెరగడం మీ బలహీనత కాదు.

గాయానికి నేరుగా చేసే చికిత్సలు వేరే ఉన్నాయి. పీటీఎస్‌డీకి (తీవ్రమైన ఘటన తర్వాత భయం, పీడకలలు వంటివి వదలకుండా వేధించే మానసిక సమస్యకు) ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే థెరపీని), ఈఎమ్‌డీఆర్‌ను (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకరమైన జ్ఞాపకాలను ఎదుర్కొనే థెరపీని) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. వీటికి ప్రత్యేక శిక్షణ అవసరం. ఏళ్ల తరబడి హింసకు గురైనవారిలో భయంతోపాటు తమ మీద తమకే చిన్నచూపు, కోపతాపాలు అదుపులో ఉండకపోవడం, దగ్గరివారితో సంబంధాలు నిలవకపోవడం కూడా కనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీ-11లో దీన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీగా వేరుగా గుర్తించారు. మీకున్నది అదేనా అన్నది నేరుగా పరీక్షించినవారే తేల్చాలి.

కాబట్టి మొదటి భేటీలోనే, మొహమాటపడకుండా, వారి చదువు ఏమిటో, ప్రాక్టీసుకు లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ ఉందో లేదో, పై పద్ధతుల్లో దేనిలో శిక్షణ పొందారో, అనుభవజ్ఞుల సూపర్‌విజన్‌లో ఎంతకాలం పనిచేశారో, బాల్యంలో హింసకు గురైన పెద్దవారికి ఇంతకుముందు చికిత్స చేశారో లేదో అడగండి. సెషన్ మధ్యలో మీరు తట్టుకోలేకపోతే ఏం చేస్తారన్నది మాత్రం తప్పకుండా అడగవలసిన ప్రశ్న. మంచి థెరపిస్టు దీనికి నొచ్చుకోరు, ఎలా ఆపుతారో, మిమ్మల్ని ఎలా కుదుటపరుస్తారో వివరిస్తారు. తామూ అలాంటి బాధ పడ్డామని కొందరు చెబుతారు. సానుభూతికి అది తోడ్పడవచ్చు గానీ శిక్షణకు బదులు కాదు. ఇన్ని సెషన్లలో పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చేవారికి, మీకు గుర్తులేని సంఘటనలను తవ్వి తీస్తామనేవారికి దూరంగా ఉండండి.

మరో సంగతి. జాగ్రత్త పేరుతో నెలల తరబడి ఊపిరి వ్యాయామాలతోనే సరిపెట్టి, అసలు గాయం జోలికి వెళ్లకపోవడం కూడా సరైన చికిత్స కాదని నా అభిప్రాయం. ఎప్పుడు, ఎంతవరకు మాట్లాడాలన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. మూడు నాలుగు భేటీల తర్వాత కూడా ఒక ప్రణాళిక కనిపించకపోతే కారణం అడగండి, అవసరమైతే మరొకరిని చూసుకోండి.

నిద్రలేమి ఎక్కువగా ఉంటే థెరపీతోపాటు సైకియాట్రిస్టును కూడా కలవండి. నిద్రమాత్రలు సొంతంగా కొని వాడవద్దు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెంటనే వెళ్లండి.