ఒకే వాక్యంలో మూడు ‘నిరోధాలు’

సందేహం: హైదరాబాద్‌లో తెలుగు మీడియం ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. నోట్సులో ఇలా రాశాను: ‘‘బ్యాక్టీరియా నిరోధకతకు కారణమైన బహిస్స్రావ పంపులను నిరోధించే నిరోధకాలు చికిత్సకు తోడ్పడతాయి.’’ అది చదివి పిల్లలు ‘‘నిరోధకత మంచిదా చెడ్డదా మేడమ్?’’ అని అడిగారు. ఈ వాక్యాన్ని ఎలా దిద్దాలి? ‘ఒళ్ళు మందుకు అలవాటు పడిపోయింది’ అనవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, నల్లకుంట

సమాధానం: పిల్లలు సరైన చోటే పట్టుకున్నారమ్మా. వ్యాకరణపరంగా మీ వాక్యానికి వంక పెట్టలేం. చిక్కంతా ‘నిరోధం’తోనే. ఎవరు దేన్ని అడ్డుకుంటున్నారో చెప్పకపోతే ఆ మాట ఎటైనా తిరుగుతుంది. వ్యాధినిరోధక శక్తిలో అడ్డుకునేది మన ఒళ్ళు. యాంటీబయాటిక్ నిరోధకతలో అడ్డుకునేది బ్యాక్టీరియా. ఎంజైమ్ నిరోధకం అన్నప్పుడు ఏదో ఒక రసాయనం. మొదటిది మనకు మేలు, రెండోది కీడు. పిల్లలు తికమకపడరా మరి!

రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. నిద్రమాత్రలకు ఒళ్ళు అలవాటు పడుతుంది. యాంటీబయాటిక్ విషయంలో మారేది ఒళ్ళు కాదు, ఒంట్లో చేరిన బ్యాక్టీరియా. మందుకు లొంగేవి చచ్చిపోతాయి, లొంగనివి మిగిలి సంతతిని పెంచుకుంటాయి. పత్రికలు ‘మందులకు లొంగని క్షయ’ అని రాస్తుంటాయి, చక్కటి ప్రయోగం. ‘నిరోధకతను కలిగి ఉన్న బ్యాక్టీరియా’ కన్నా ‘లొంగని బ్యాక్టీరియా’ ఎంత హాయిగా ఉందో చూడండి.

ఇక పంపు సంగతి. ‘బహిస్స్రావం’ నాకు నచ్చలేదు. స్రావం అంటే కారడం, ఊరడం. ఈ పంపు చేసేది బలవంతంగా తోడెయ్యడం. వానాకాలంలో మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలోకి నీళ్ళొస్తే మోటారు పెట్టి తోడిస్తాం కదా, అలాగన్నమాట. నీళ్ళు రావడం ఆగదు, నిలవడం ఆగుతుంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఈ.కోలై (పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా)లోకి మందు సరిగా చేరడమే లేదని ఒకప్పుడు అనుకునేవారు. లోపలికి వచ్చిన మందును అది తిరిగి బయటికి నెట్టేస్తోందని 1980లో అమెరికాలో శాస్త్రవేత్త స్టువర్ట్ లెవీ బృందం చూపించింది. ‘నిరోధకత’ అనగానే గుమ్మం దగ్గరే ఆపేసినట్టు అనిపిస్తుంది. అంటే ఆ మాట పాత ఊహకే బాగా నప్పుతుంది.

ఈ.కోలైకి రెండు పొరలుంటాయి. లోపలి పొరలో ఏసీఆర్‌బీ అనే ప్రోటీన్, బయటి పొరలో టాల్‌సీ అనే గొట్టం, రెంటినీ కలుపుతూ ఏసీఆర్‌ఏ అనే మరో ప్రోటీన్. ఈ మూడూ కలిస్తేనే ఒక పంపు. ఏసీఆర్‌బీలో ఒకేలాంటి భాగాలు మూడు. ఒకటి మందును అందుకుంటుంటే, ఇంకొకటి పట్టి ఉంచుతుంది, మూడోది గొట్టంలోకి తోసేస్తుంది. ఆ తర్వాత వంతులు మారతాయి. కరెంటు బదులు, లోపలికి ప్రవహించే ప్రోటాన్ల శక్తి దీన్ని నడుపుతుంది. పేగుల్లో ఉండే పిత్త లవణాలను వదిలించుకోవడానికీ బ్యాక్టీరియాకు ఈ పంపే దిక్కు. అదే టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌లను కూడా బయట పారేస్తుంది. అందుకే ‘తోడివేత పంపు’ అనండి. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ కథ వేరు. దానికి ‘విరిచే’ అన్న క్రియ ఉండనే ఉంది. ఏ పనికి ఆ క్రియ వాడితే సగం పాఠం చెప్పినట్టే.

‘నిరోధకం’ బదులు ‘పంపును ఆపే పదార్థం’ చాలు. అది తనంతట తాను బ్యాక్టీరియాను చంపాలని లేదు, యాంటీబయాటిక్‌కు జతగా ఉండాలి. ‘తోడుమందు’ అందామా అనిపించింది గానీ, పక్కనే ‘తోడివేత’ ఉంది కాబట్టి మళ్ళీ గందరగోళమే. సర్పగంధ వేరులోని రిసర్పిన్, మిరియాల్లోని పైపెరిన్ ప్రయోగశాలలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకు ఉన్న నార్‌ఏ అనే పంపును ఆపాయి. సిప్రోఫ్లాక్సాసిన్ తక్కువ మోతాదుకే పనిచేసింది. కానీ అందుకు కావలసినంత రిసర్పిన్ ఇస్తే మనిషికే ప్రమాదం. (మాత్రతో పాటు మిరియాల కషాయం తాగితే చాలని ఏ పిల్లవాడూ ఇంట్లో చెప్పకుండా చూడండి!) ఇలా పంపును ఆపే మందు ఏదీ ఇంతవరకు రోగుల వాడకానికి రాలేదు. కాబట్టి మీ వాక్యంలో ‘తోడ్పడతాయి’ అన్న నిశ్చయార్థకం కూడా చెల్లదు.

నేనైతే ఇలా రాస్తాను: ‘‘కొన్ని బ్యాక్టీరియాలు తమలోకి వచ్చిన మందును పంపులతో బయటికి తోడేసి బతికిపోతాయి. ఆ పంపులను ఆపే పదార్థాన్ని యాంటీబయాటిక్‌తో కలిపి ఇవ్వగలిగితే, పనిచేయడం మానేసిన మందు మళ్ళీ పనిచేయవచ్చు.’’

వాక్యం రెండైంది, ఫర్వాలేదు. పరీక్షల్లో ‘నిరోధకత’ అనే అడుగుతారు కాబట్టి ‘దీన్నే మందు నిరోధకత అంటారు’ అని చివర ఒక ముక్క చేర్చండి. పై చదువుల్లో ఈ తోడివేతకు ‘ఎఫ్లక్స్’ అన్న ఇంగ్లీషు మాట ఎలాగూ ఎదురవుతుంది, దాన్నీ తెలుగు లిపిలో పక్కన రాయించండి.