చేత్తో చేసిన కార్డులిస్తే పండగ ఖర్చు తగ్గుతదా?

ప్రశ్న: మాది ఉప్పల్. మావారి జీతం చేతికి 46 వేలు, అద్దె 11 వేలు. న్యూ ఇయర్ నుంచి సంక్రాంతి దాకా 22 ఇళ్లకి గిఫ్టులకే 14 వేల దాకా అయితోంది. పోయినేడు క్రెడిట్ కార్డు మీద గీకి కొన్ని నెలలు మినిమమ్ డ్యూ (బిల్లు మొత్తం కాకుండా కనీసం కట్టాల్సినంత) కడ్తూ వచ్చాం. ఈసారి నేనూ మా పాపా కూర్చుని గ్రీటింగ్ కార్డులు చేసి ఇద్దామనుకుంటున్నాం, మావారేమో పరువు పోతదంటున్నారు. నిజంగా డబ్బు మిగులుతదా? బాగొస్తే అమ్ముకోవచ్చా?

జవాబు: మిగులుతదండీ, కానీ 22 ఇళ్లకీ కార్డులే అంటే మాత్రం మీవారి మాటే నిజమైతది. ముందు ఆ లిస్టు తీసి రెండు ముక్కలు చేయండి. ఆడపడుచులు, మేనత్తలు, వదినలు, అంటే పెట్టుపోతలున్న ఇళ్లు ఒక పక్క. ఆఫీసు వాళ్లు, అపార్ట్‌మెంట్ వాళ్లు, పాప ట్యూషన్ టీచరు, మీ కాలేజీ ఫ్రెండ్స్ ఇంకో పక్క. మొదటి పక్క జోలికి పోకండి. ఆడపడుచుకి చీర బదులు కార్డు పెడ్తే ఏడాదంతా వినాల్సొస్తది, ఆ ఖర్చు నాకు లెక్కగట్టడం రాదు. మీరు పంపిన లిస్టులో అట్లాంటివి 7 ఇళ్లు, ఇంటికి 1,200 చొప్పున 8,400. మిగతా 15 మందికి తలా 370 పెట్టి స్వీట్ బాక్సో ఫొటో ఫ్రేమో ఇస్తున్నారు, అది 5,550. కార్డులు పనికొచ్చేది ఇక్కడే.

ఇక్కడ కూడా ఒక గుంట ఉంది, నేనే పడ్డా. ఒక ఏడాది నేనూ ఇట్లాగే మొదలుపెట్టి, షాపుకెళ్లి పూలాకారం పంచింగ్ మెషీను, గ్లూ గన్ను, మెరుపుల టేపులు, ఆరు రంగుల గ్లిట్టరు, కనపడిందల్లా బుట్టలో వేస్కున్నా, బిల్లు 2,300. చేసింది 11 కార్డులు. అంటే కార్డు 209 రూపాయలు, కొన్నా అంత పడేది కాదు, గ్లిట్టర్ మాత్రం ఉగాది దాకా సోఫాలో దొరుకుతానే ఉంది. అందుకని ఖర్చుకి ముందే హద్దు పెట్కోండి, మొత్తం సామానుకి 500, పైన ఒక్క రూపాయి లేదు. బేగంబజార్‌లో చీప్ కదా అని వంద షీట్ల ప్యాకెట్ తేవద్దు, మీకు కావాల్సింది 8 షీట్లే.

ఎట్లా అంటారా, 300 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందం) ఏ4 షీట్‌ని సగానికి కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే షీటుకి రెండు కార్డులు. చిన్నగా ఉంటది కదా అని ఫుల్ షీటు మడవకండి, అదొక్కటే 19 గ్రాముల దాకా తూగుతది, కవరు వేసేసరికి 20 దాటిపోతది. మామూలు పోస్టులో 5 రూపాయల స్టాంపు 20 గ్రాముల వరకే. సగం షీటు కార్డు కవరుతో కలిపి కూడా 15 లోపే ఉంటది, ఊళ్లో లేనివాళ్లకి 5 రూపాయల్లో పోతది. పండగకి పది రోజుల ముందే డబ్బాలో వేసేయండి.

డిజైన్‌కి డబ్బులెందుకండీ, ఎర్రమన్ను రంగు షీటు మీద తెల్ల జెల్ పెన్నుతో 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క పెట్టి ముగ్గు కలిపితే అలికిన వాకిలి లాగే ఉంటది. ఇంట్లో పాత శుభలేఖలు కట్టలు కట్టలు ఉంటయి కదా, వాటి బంగారు అంచులు కత్తిరించి అతికించండి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్క మాత్రం చెత్తలో వేయకండి, మీ అత్తగారు చూస్తే నన్ను తిడ్తారు. ఫెవికాల్ ఎక్కువైతే కాగితం ముడతలొస్తది, గ్లూ స్టిక్ వాడండి.

పరువు సంగతంటారా, దగ్గర్లో ఉన్నవాళ్లకి కార్డుతో పాటు గుప్పెడు సకినాలు ప్యాక్ చేసి ఇవ్వండి, తలా 40 వేస్కున్నా 15 మందికి 600. సామాను 500 కలిపితే 1,100. 5,550 అయ్యే చోట 1,100, అంటే 4,450 మిగిలింది.

ఇప్పుడు నాకు అసలు కోపమొచ్చిన విషయం, ఆ మినిమమ్ డ్యూ. చాలా కార్డుల మీద నెలకి 3 నుంచి 3.75 శాతం వడ్డీ ఉంటది, మీది స్టేట్‌మెంట్‌లో చూస్కోండి. 3.5 అనుకుంటే 14 వేల మీద నెలకి 490, దాని మీద 18 శాతం జీఎస్టీ 88, అంటే ఒక్క నెలలో 578 పోయినయి, చేతికి చాక్లెట్ కూడా రాలేదు. మీ 15 మంది కార్డుల సామానంతా అంతకన్నా తక్కువలో వస్తది. పాత బాకీ ఇంకా ఉంటే ఈ మిగిలిన 4,450 నేరుగా అందులో కట్టేయండి, వేరే ఆలోచన వద్దు. పెట్టుపోతల 8,400 కి ఫిబ్రవరి నుంచి నెలకి 700 పక్కన పెడ్తే వచ్చే జనవరి నాటికి 12 వాయిదాలైతయి, జీతం పడ్డ రెండో రోజే వేరే సేవింగ్స్ ఖాతాలోకి పోయేట్టు పెట్కోండి.

అమ్మకం గురించి, ఈ ఏడాదికి వద్దు. ఒక్కో ముగ్గు కార్డుకి ఎంత టైమ్ పట్టిందో గడియారం చూసి రాసి పెట్కోండి. ముప్పావు గంట పడ్తే, 100 కి అమ్మి సామాను ఖర్చు తీసేస్తే గంటకి మీకెంతొస్తుందో మీకే తెలుస్తది. ఎవరైనా చూసి మాకూ చేసివ్వమని అడిగితే సగం అడ్వాన్సు తీస్కున్నాకే షీట్లు కొనండి.