జేజినాయనకు మాట రాదు, పాట వస్తుంది: మా పాప మ్యూజిక్ థెరపీ చదవొచ్చా?

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి రాశారు. వాళ్ల పాప ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. ఏడేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. రెండేళ్ల కిందట జేజినాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, నీళ్లు కావాలని అడగడానికి కూడా నోరు తిరగదు. కానీ పాప పక్కన కూర్చుని ఆయన వయసులో ఉన్నప్పుడు పాడిన చెక్కభజన పాట ఎత్తుకుంటే మాత్రం పదం పొల్లుపోకుండా గొంతు కలుపుతాడట. అది చూసినప్పటి నుంచి పాప నీట్ వద్దంటోంది, మ్యూజిక్ థెరపీ, అంటే సంగీతంతో చేసే చికిత్స, చదువుతానని పట్టుబట్టింది. "ఇది అసలు ఉద్యోగమేనా? జీతం ఇచ్చేవాళ్లు ఉంటారా? కడపలో ఎవరిని అడిగినా తెలీదంటున్నారు" అని ఆయన ప్రశ్న.

అన్నా, ఇది నిజమైన చదువే. వేరే దేశాల్లో ప్రభుత్వం జీతమిచ్చే ఉద్యోగం కూడా. మన దేశంలో మాత్రం ఇంకా పూర్తిగా వృత్తి కాలేదు. ఇందులో మొదటి మాట పాప చెవికి ఎక్కింది, చివరి మాట మీ చెవికి ఎక్కింది, ఇంట్లో గొడవంతా అక్కడే వచ్చినట్టుంది.

ముందు మీ నాయన సంగతి. పాప చూసింది భ్రమ కాదు. చాలామందిలో మాటను నడిపించేది మెదడు ఎడమ పక్క, అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది. పాటకు కుడి పక్క కూడా పని చేస్తుంది కాబట్టి పాట మిగలొచ్చు. 1973లో బోస్టన్ డాక్టర్లు దీని మీదే ఒక చికిత్స పద్ధతిని ప్రచురించారు. రోజూ అవసరమయ్యే చిన్న మాటలు, అంటే 'నీళ్లు కావాలి', 'అన్నం పెట్టు' లాంటివి, హెచ్చు స్వరం ఒకటి తగ్గు స్వరం ఒకటి పెట్టి పాడిస్తారు, ఎడమ చేత్తో తాళం వేయిస్తారు, రోగికి పట్టు దొరికాక పాటను మెల్లమెల్లగా తీసేసి మాటను మిగులుస్తారు. తెలిసిన పాట పాడటం వేరు, కావలసిన మాట అడగగలగడం వేరు. ఆ మధ్య దూరాన్ని దాటించడమే చికిత్స. అందరికీ ఒకేలా పని చేయదు, అది కూడా పాపకు ఇప్పుడే తెలియాలి.

ఒక పని వృత్తిగా ఎలా మారుతుందో తెలియాలంటే బ్రిటన్ సంగతి వినండి, ఎందుకంటే మన వాళ్లు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో అది చూస్తేనే అర్థమవుతుంది. అక్కడ మొదలుపెట్టింది జూలియెట్ ఆల్విన్ అనే చెల్లో (వయొలిన్ లాంటి పెద్ద తీగ వాద్యం) కళాకారిణి. 1958లో ఒక సంఘం పెట్టింది. ఆ తర్వాతి ఏడాది ఇంగ్లండులోనే సన్‌ఫీల్డ్ అనే పిల్లల హోమ్‌లో పాల్ నార్డాఫ్ అనే అమెరికా సంగీతకారుడు, క్లైవ్ రాబిన్స్ అనే టీచర్ కలిశారు, మాటలు రాని, ఎవరితోనూ కలవని పిల్లల దగ్గర పియానో ముందు కూర్చుని ఆ పిల్లలు చేసే ప్రతి శబ్దానికీ సంగీతంతో జవాబివ్వడం మొదలుపెట్టారు. పిల్లవాడు బల్ల మీద కొడితే ఆ దెబ్బే తాళం. ఏడిస్తే ఆ ఏడుపు ఏ శ్రుతిలో ఉందో అదే శ్రుతిలో వాయింపు. పిల్లవాడు తన శబ్దం ఎవరికో వినపడిందని గ్రహించే క్షణం నుంచి పని మొదలవుతుంది. ఇప్పటికీ ఆ పద్ధతి వాళ్లిద్దరి పేరుతోనే నడుస్తోంది.

కానీ మంచి పని చేసినంత మాత్రాన వృత్తి అయిపోలేదన్నా. లండన్‌లో గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో మొదటి కోర్సు 1968లో వచ్చింది. పని చేసేవాళ్ల సొంత సంఘం 1976లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాళ్లకు ఒక పే స్కేలు, హోదా తేలింది 1982లో. ఫిజియోథెరపిస్టుల లాగా వీళ్లనూ చట్టప్రకారం రిజిస్టర్ చేయాలన్న నిర్ణయం 1997లో. లెక్కేసుకుంటే ఆల్విన్ సంఘం పెట్టిన నాటి నుంచి 39 ఏళ్లు! ఇప్పుడక్కడ గుర్తింపున్న మాస్టర్స్ చేసి, రిజిస్టర్‌లో పేరు ఎక్కితే తప్ప ఎవరూ 'మ్యూజిక్ థెరపిస్ట్' అని బోర్డు పెట్టుకోకూడదు, పెట్టుకుంటే చట్టప్రకారం నేరం. నా లెక్కలో వృత్తి అంటే ఇదే. చదువు ఉండాలి, జీతానికి ఒక పద్ధతి ఉండాలి, తప్పు చేస్తే పేరు కొట్టేసే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి.

మన దగ్గర చదువు వచ్చింది, మిగతా రెండూ రాలేదు. పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్ అనే డీమ్డ్ యూనివర్సిటీలో, మెడికల్ కాలేజీ ఆవరణలోనే మ్యూజిక్ థెరపీ కేంద్రం ఉంది, పీజీ స్థాయి కోర్సులు నడుపుతున్నారు. చెన్నైలో ఈ పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల మీద, అంటే డాక్టర్లు, నర్సులు కాకుండా వైద్యంలో పనిచేసే మిగతావాళ్ల మీద, పార్లమెంటు చట్టం చేసింది. దాని జాబితాలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఉన్నాయి, మూవ్‌మెంట్ థెరపిస్ట్ అన్న చోట ఆర్ట్, డాన్స్ అన్న మాటలు కూడా ఉన్నాయి, మ్యూజిక్ అన్న మాట మాత్రం విడిగా లేదు. నాకు ఇది బాధే. అంటే రేపు ఒక ప్రభుత్వ ఆసుపత్రి నోటిఫికేషన్‌లో 'మ్యూజిక్ థెరపిస్ట్' పోస్టు కోసం పాప ఎదురుచూస్తూ కూర్చోకూడదు.

ఆ ఖాళీలోకి అన్ని రకాల వాళ్లూ దూరుతున్నారు. నా దగ్గరికి రాజంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుకు ముప్పై వేలు కట్టి, చేతిలో బంగారు అంచు సర్టిఫికెట్‌తో. ఒక్క రోగిని కూడా చూడలేదు. ఏ రాగం పాడితే షుగర్ తగ్గుతుంది, ఏ రాగానికి బీపీ దిగుతుంది అన్న పట్టిక మాత్రం కంఠతా వచ్చు. ఆ అమ్మాయి తప్పేం లేదు, పాపం, నమ్మింది. పాపకు గట్టిగా చెప్పండి, అలాంటి పట్టిక చేతిలో పెట్టే చోట డబ్బు కట్టొద్దని. నిజంగా ఈ పని చేసేవాళ్లు తమ పనినే పరీక్షకు పెడతారు. ఆటిజం ఉన్న 364 మంది పిల్లలతో, బ్రిటన్‌తో సహా తొమ్మిది దేశాల్లో ఒక పెద్ద పరిశోధన చేసి 2017లో ఫలితం ప్రచురించారు. ఐదు నెలల తర్వాత, వాళ్లలో మ్యూజిక్ థెరపీ కూడా అందుకున్న పిల్లల ఆటిజం లక్షణాల తీవ్రతలో, మామూలు సేవలు మాత్రమే అందుకున్న పిల్లలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదని వాళ్లే రాశారు. నాకు ఈ రంగం మీద గౌరవం పెరిగింది ఆ ఫలితం చదివాకే.

ఇక పాప ఏం చేయాలి. నేనైతే బీఏఎస్ఎల్‌పీ చదవమంటాను, అంటే వినికిడి, మాట సమస్యలకు చికిత్స చేసే డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, బైపీసీ వాళ్లు అర్హులు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ గుర్తింపు ఉంటుంది. జేజినాయన దగ్గర ఏ సమస్య చూసి పాప కదిలిందో ఆ సమస్య నేరుగా ఈ చదువు కిందికే వస్తుంది. మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ చదువుకు దేశంలో పేరున్న చోటు, 1965 నుంచి ఉంది, మనకు మరీ దూరం కూడా కాదు. అక్కడి అడ్మిషన్ నోటిఫికేషన్ ఈ ఏడాది తప్పకుండా చూసుకోండి. సీటు రాకపోతే డిగ్రీలో సైకాలజీ, ఆ పైన స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్, అదీ మంచి దారే. ఈ చదువులతో ఆసుపత్రిలోనో స్కూల్లోనో ఉద్యోగం దొరుకుతుంది. ఆ తర్వాత పుదుచ్చేరి వెళ్లి మ్యూజిక్ థెరపీ పీజీ చేస్తే, పాప చేతిలో ముందే ఒక గుర్తింపున్న డిగ్రీ ఉంటుంది, చట్టం మారేదాకా ఆగాల్సిన పని లేదు.

సంగీతం మాత్రం ఆపనివ్వకండి, చదువు పేరు చెప్పి మన ఇళ్లల్లో మొదట ఆపేది అదే. ప్రభుత్వ సంగీత పరీక్షల్లో సర్టిఫికెట్, తర్వాత డిప్లొమా రాయించండి. ఒక కీబోర్డో గిటారో కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే రోగి పాడుతుంటే తను వెనకనుంచి తోడు వాయించాలి. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు ఒక బలం ఉంది, మనోధర్మం. అప్పటికప్పుడు స్వరం అల్లడం వాళ్లకు అలవాటు. అయితే కచేరీలో రాగం ఎటు పోవాలో పాడేవాళ్లు చూసుకుంటారు, ఇక్కడ ఎదుటి మనిషి ఊపిరి ఎటు పోతే పాట అటు పోవాలి. శ్రుతి తప్పినా ఆ తప్పిన శ్రుతిలోకే తను దిగిపోవాలి. ఏడేళ్లు శ్రుతి తప్పకూడదని నేర్చుకున్న పిల్లకు అది అంత తేలిక కాదు.

నీట్ గురించి గొడవ పడొద్దు. దరఖాస్తు పెట్టి ఉంటే రాయనివ్వండి, రాసినంత మాత్రాన ఎంబీబీఎస్‌లో చేరాలని ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు. విదేశాల్లో మాస్టర్స్ మాట ఇప్పుడు అసలు ఎత్తకండి, డిగ్రీ అయ్యాక చూద్దాం.

పరీక్షలైపోయాక సెలవుల్లో మీ మండలంలోని భవిత కేంద్రానికి పాపను తీసుకెళ్లండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు వచ్చే చోటు. అక్కడి టీచరమ్మను అడిగి రోజుకు రెండు గంటలు కూర్చోనివ్వండి, పాడటానికి కాదు, చూడటానికి. పిల్లలు చొంగ కారుస్తారు, కొరుకుతారు, ఒకే పని వందసార్లు చేయిస్తారు. నెల తర్వాత కూడా పాపకు ఇదే కావాలనిపిస్తే నాకు మళ్లీ రాయండి, మైసూరు దరఖాస్తు ఎలా నింపాలో కూర్చుని చెప్తాను.

మీ నాయనను స్పీచ్ థెరపిస్టుకు చూపించారో లేదో మీరు రాయలేదు. చూపించకపోతే కడపలో మీరు చూపిస్తున్న న్యూరో డాక్టరునే అడగండి, రెండేళ్లయిందని వదిలేయకండి. వెళ్లేలోపు పాపను ఒక నోటుపుస్తకం పెట్టమనండి. తేదీ, ఏ పాట పాడారు, ఏ పదం స్పష్టంగా వచ్చింది, పాట ఆపాక అదే పదం అడిగితే చెప్పగలిగాడా లేదా. రోజుకు నాలుగు లైన్లు చాలు. థెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి.