“చేశారా?” అని అడగడం మానండి

“మా నాన్నగారికి 71 ఏళ్లు. నిరుడు బాత్‌రూమ్‌లో జారిపడ్డాక ఫిజియోథెరపిస్టు కండరాల బలం కోసం వ్యాయామాలు నేర్పారు. రెండు నెలలు చేసి మానేశారు. పడినప్పటి నుంచి ఆయన్ని బకెట్టు ఎత్తనివ్వడం లేదు, మంచినీళ్లు కూడా కూర్చున్నచోటికే ఇస్తున్నాం. డంబెల్స్, రబ్బరు బ్యాండ్లు కొన్నాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే ‘చేశారా?’ అని అడిగితే చేశానని అబద్ధం చెబుతున్నారు. ఆయన బద్ధకం వదిలించడానికి మంచి యాప్ ఏదైనా ఉందా?”

అమ్మా, యాప్ సంగతి వదిలేయండి. ఈ వయసులో మీ నాన్నగారు సొంత కూతురికి జవాబు చెప్పుకోలేక అబద్ధం ఆడుతున్నారు. మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది అదే. ఇంత రాశారు కానీ, ఎందుకు మానేశారని ఆయన్ని అడిగినట్టు ఒక్క ముక్క కూడా లేదు. మోకాలు నొప్పి పెట్టిందేమో, మళ్లీ పడతానని భయమేసిందేమో. అడక్కుండానే బద్ధకమని తేల్చేశారు.

రోజంతా ఆయన్ని లేవనివ్వరు, బకెట్టు ముట్టుకోనివ్వరు. సాయంత్రం మాత్రం డంబెల్ ఎత్తమంటారు. మీవల్ల ఏమీ కాదని రోజంతా చెప్పించుకున్న మనిషికి సాయంత్రం ఎత్తాలనిపిస్తుందా? కన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండాలని గట్టిగా నమ్మేదాన్ని నేను. కానీ వాళ్ల చేతిలో పని లాగేసుకోవడాన్ని సేవ అనలేను. ముందు నీళ్లు ఆయన్నే లేచి తెచ్చుకోనివ్వండి. జారిన చోట గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి, మోయగలిగినంత బరువు మోయనివ్వండి.

ఈ వయసులో బలం వస్తుందా అన్న అనుమానం మీకే ఉన్నట్టుంది. అమెరికాలో 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో, వృద్ధాశ్రమంలో ఉన్న 90 ఏళ్ల వాళ్లతో 8 వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. మీ నాన్నగారు వాళ్లకంటే దాదాపు ఇరవై ఏళ్లు చిన్న. అయితే మానేస్తే వచ్చిన బలం జారిపోతుంది. అందుకే ఇది ఎవరో వెంటపడి చేయించే పని కాకూడదు, ఆయన సొంత పని కావాలి.

అసలు రోజూ అడగాల్సిన అవసరమే లేదు. పెద్దవాళ్లు కండరాల బలానికి వారంలో కనీసం 2 రోజులు చేస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. తూలిపడకుండా ఉండటానికి నిలకడ వ్యాయామాలూ కలిపి 3 రోజులు చేయమంది. ఏ రోజులో, ఏ వేళో ఆయన్నే నిర్ణయించుకోనివ్వండి. పళ్లు తోముకున్న వెంటనేనా, సాయంత్రం వార్తలకు ముందా, అది ఆయనిష్టం. ఎప్పుడూ చేసే పనికి ముడిపెట్టుకుంటే గుర్తుంటుంది. బ్యాండు బీరువాలో కాకుండా ఆయన కుర్చీకే వేలాడాలి.

ఒక నోటుబుక్కు ఇవ్వండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలిగారో నెలకోసారి ఆయనే రాసుకోవాలి. మీరు ఆ పుస్తకం తెరవకండి. అంకె పెరిగితే ఆయనే వచ్చి చెబుతారు. జ్వరమొచ్చి రెండు వారాలు తప్పితే, ఆపిన చోటి నుంచి కాక కాస్త తేలిక బరువుతో మొదలుపెట్టమనండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. గుండెలో నొప్పి, తల తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరును కలవాలి.

ఇంకో మాట. ముప్పయ్యో నలభయ్యో దాటాక కండ తరగడం ఎవరికైనా మొదలవుతుంది, మీకూ అంతే. ఇవాళ ఇంటికెళ్లాక ఏమీ అడక్కండి. ఆయన పక్కన కుర్చీ వేసుకుని, “నాన్నా, ఆ ఫిజియో మీకు నేర్పింది నాకూ నేర్పండి” అనండి. తప్పు చేస్తే ఆయన్నే దిద్దనివ్వండి.